విద్యార్థి చేసిన లోగోనీ, దాన్ని సమర్థించే వాదననీ దిద్దడం ఎలా?

లోగో అసైన్‌మెంట్ దిద్దడం వ్యాసం దిద్దినంత తేలిక కాదు. మీ చేతికి ఒకేసారి రెండు వస్తాయి: ఒక గుర్తు, ఆ గుర్తు అలా ఎందుకుందో చెప్పే కాన్సెప్ట్ నోట్. మాటకారి విద్యార్థి మామూలు గుర్తుని కూడా జ్యూరీ (పని చూసి, ప్రశ్నలడిగి మార్కులు వేసే బృందం) ముందు గొప్పగా నిలబెట్టేస్తాడు. చక్కటి గుర్తు గీసిన అమ్మాయి నలుగురు కూర్చుని అడిగేసరికి నీళ్ళు నములుతుంది. రెండూ కలిపి చూస్తే మార్కులన్నీ మాటకే పడిపోతాయి. అందుకే ముందు గుర్తుని ఒక్కదాన్నే చూడాలి, తర్వాత వాదన చదవాలి, ఆఖర్న వాదనలోని ఒక్కో మాటనీ గుర్తు మీద వేలు పెట్టి చూపించమనాలి. అప్లైడ్ ఆర్ట్ చెప్పే లెక్చరర్లకీ, మల్టీమీడియా ఇన్‌స్టిట్యూట్లలో చెప్పేవాళ్ళకీ, జ్యూరీకి పిలిస్తే వెళ్ళే డిజైనర్లకీ ఈ పద్ధతి పనికొస్తుంది.

చెప్పడానికి వీలుగా ఒక ఉదాహరణ పెట్టుకుందాం. ఆత్రేయపురంలో ఒక కుటుంబం నడుపుకునే పూతరేకుల షాపు. డబ్బా మీద స్టిక్కరుకి, షాపు బోర్డుకి, క్యారీ బ్యాగుకి, వాట్సాప్ డీపీకి లోగో కావాలి. విద్యార్థి తెచ్చింది ఇదీ: ఆకుపచ్చ వృత్తం, లోపల తెల్లగా "పూ" అనే అక్షరం, తలకట్టు ఉండాల్సిన చోట ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు మూడు వంపు గీతలు. నోట్‌లో రాసింది ఇదీ: "మూడు గీతలు సంప్రదాయం, స్వచ్ఛత, నమ్మకం. ఆకుపచ్చ ప్రకృతికి గుర్తు. వృత్తం పరిపూర్ణతకి గుర్తు." ఇలాంటి నోట్ మీరు చాలాసార్లు చదివే ఉంటారు.

1. ఏమేం తేవాలో అసైన్‌మెంట్ ఇచ్చిన రోజే చెప్పండి

దిద్దే రోజు వచ్చాక అడిగితే ఎవరి దగ్గరా ఉండవు. తెల్ల కాగితం మీద నల్లగా ఒక ప్రింటు, అదే గుర్తు ఒక సెంటీమీటరు వెడల్పులో ఇంకో ప్రింటు, రంగుల్లో ఒకటి, అసలు వాడే చోట పెట్టి చూపించేది ఒకటి, వెక్టర్ ఫైలు (ఎంత పెద్దది చేసినా అంచు చెదరని, గీతలతో చేసిన ఫైలు), రఫ్ స్కెచ్‌ల పుస్తకం. కాన్సెప్ట్ నోట్ విడి కాగితం మీద, అర పేజీ దాటకుండా ఉండాలి. నోట్ తెలుగులో రాసినా ఇంగ్లిష్‌లో రాసినా ఒకటే అని గట్టిగా చెప్పండి. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలు ఇంగ్లిష్‌లో రాయాలనే టెన్షన్‌తో నెట్‌లో దొరికిన వాక్యాలు అతికిస్తారు. అదే పిల్లల్ని తెలుగులో రాయమంటే వాళ్ళు నిజంగా ఆలోచించినది బయటికొస్తుంది.

2. నోట్ పక్కన పెట్టి గుర్తుని చూడండి

నల్ల ప్రింటు గోడకి అంటించి పది అడుగుల దూరంలో నిలబడండి. ఐదు సెకన్లు చూసి వెనక్కి తిరిగి, ఏం కనిపించిందో మీ పుస్తకంలో రాసుకోండి. నచ్చిందా లేదా అన్నది ఇప్పుడే రాయొద్దు. "గుండ్రంగా ఉంది, లోపల అక్షరం, పైన అలల్లాంటి గీతలు" అని కంటికి కనిపించినంత వరకే రాయండి.

తర్వాత ఈ అసైన్‌మెంట్ గురించి ఏమీ తెలియని ఇద్దరు ముగ్గుర్ని పిలవండి. ఆఫీసులో పనిచేసేవాళ్ళయినా, వేరే బ్రాంచి పిల్లలైనా సరే. "బాగుందా?" అని అడిగితే మొహమాటానికి బాగుందనే అంటారు. "ఇది ఏం అమ్మే షాపుదై ఉంటుంది?" అని అడగండి. మన ఉదాహరణలో "నీళ్ళ ప్లాంటుదా?" అని ఎవరైనా అన్నారంటే ఆ మూడు గీతలు రేకుల్లా కాకుండా అలల్లా కనిపిస్తున్నాయన్నమాట. ఓ అరగంట ఆగి వాళ్ళనే ఆ గుర్తుని జ్ఞాపకం మీద గీయమనండి. వాళ్ళ చేతి నుంచి వచ్చిన గీతలే జనం గుర్తుపెట్టుకునే లోగో. మిగతాదంతా కాగితం మీద మిగిలిపోయేదే.

మీ ఇష్టాయిష్టాల్ని ఈ దశలో ఆపుకోమనడానికి కారణం ఉంది. 1971లో పోర్ట్‌లాండ్ స్టేట్ యూనివర్సిటీలో చదువుకుంటున్న కారొలిన్ డేవిడ్‌సన్ 35 డాలర్లకి గీసిచ్చిన గుర్తే నైకీ వాళ్ళ స్వూష్. చూపించిన రోజు నైకీ స్థాపకుల్లో ఒకరైన ఫిల్ నైట్‌కి అది పెద్దగా నచ్చలేదు. మన దూరదర్శన్ గుర్తు కూడా అహ్మదాబాద్ ఎన్‌ఐడీలో (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో) విద్యార్థిగా ఉన్న దేవాశిష్ భట్టాచార్య గీసిందే. క్లాసులో మీ ముందుకొచ్చే కాగితాల్లో అలాంటిది ఉండొచ్చు. తొలిచూపు నచ్చకపోవడం దాన్ని పక్కన పెట్టడానికి సరిపోదు.

3. గుర్తుని వాడి చూడండి

ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. తెర మీద బాగున్న గుర్తు స్టిక్కరు మీదా, రబ్బరు స్టాంపు మీదా, బోర్డు మీదా ఎలా ఉంటుందో పట్టుకుని చూస్తే తప్ప తెలియదు.

ముందు ఒక సెంటీమీటరు ప్రింటు తీయండి. తెలుగు అక్షరంతో చేసిన లోగో అయితే భూతద్దం పెట్టి మరీ చూడండి. మన లిపిలో ప, వ, ష, ఫ ఒకే కుటుంబం. చిన్న ఖాళీ, చిన్న గీత తేడాతో అక్షరమే మారిపోతుంది. ప తలకట్టుకీ కింది ఒంటికీ మధ్య ఖాళీ మూసుకుపోయిందంటే అది వ లాగా కనిపిస్తుంది. మన విద్యార్థి సరిగ్గా ఆ ఖాళీ మీదే మూడు గీతలు పేర్చాడు. పెద్ద సైజులో గీతల మధ్య తెల్లటి సందు స్పష్టంగా ఉంది. ఒక సెంటీమీటరుకి వచ్చేసరికి ఆ సందులు వెంట్రుక వాసి అయ్యాయి. అట్ట డబ్బా మీద ప్రింటు పడితే సిరా కొంచెం పాకుతుంది. సందులు పూడిపోయి, కొనేవాడికి "పూ" బదులు "వూ" కనిపిస్తుంది. ఇక్కడ విద్యార్థికి చెప్పాల్సింది "అక్షరం బాలేదు" అని కాదు. "ఈ సైజులో ఈ సందు మూసుకుపోతోంది, అక్షరం మారిపోతోంది. మూడు గీతలూ ఉండాల్సిందేనా, రెండైతే సరిపోదా?" అని అడగాలి. అలా అడిగితే రేపు ఏం సరిచేయాలో వాడికి తెలుస్తుంది.

తర్వాత రంగు. ఆకుపచ్చ వృత్తం విడిగా చూస్తే ముచ్చటగానే ఉంది. కానీ ఇది తినే వస్తువు. డబ్బా మీద శాకాహారం అని తెలిపే గుర్తు తప్పనిసరి, అది ఆకుపచ్చ చదరంలో ఆకుపచ్చ చుక్క. దాని పక్కనే ఇంకో ఆకుపచ్చ గుండ్రం వస్తే లోగో కాస్తా నిబంధన కోసం వేసిన ముద్రలా కనిపిస్తుంది. విద్యార్థి తన మాకప్‌లో, అంటే లోగోని అసలు వస్తువు మీద పెట్టి చూపించే నమూనాలో, ఆ శాకాహార గుర్తు పెట్టి ఉంటే ఈ ఇబ్బంది ముందే కనిపెట్టేవాడు. మాకప్ అంటే ఇంటర్నెట్‌లో దొరికే విదేశీ కాఫీ కప్పు మీద లోగో అతికించడం అని చాలామంది అనుకుంటున్నారు. అసలు డబ్బా తెప్పించి, దాని మీద పేరు, ధర, బరువు, తేదీ, శాకాహార గుర్తు అన్నీ ఉన్న చోట లోగో పెట్టమనండి.

డీపీకి గుండ్రంగా కత్తిరించి చూడండి. మన ఉదాహరణలో గుర్తే గుండ్రం కాబట్టి ఇబ్బంది లేదు, అందుకు మార్కు ఇవ్వొచ్చు. వెబ్‌సైట్ ట్యాబ్‌లో కనిపించే బొమ్మ 16 పిక్సెళ్ళు. అక్కడ మూడు గీతలు ఎలాగూ కనిపించవు. ఆ సైజుకి విడిగా ఒక సాదా రూపం చేశాడా అని అడగండి.

చివరగా ఫైలు తెరవండి. కోరల్‌డ్రాలో అయితే వైర్‌ఫ్రేమ్ చూపులో, ఇలస్ట్రేటర్‌లో అయితే అవుట్‌లైన్ చూపులో పెట్టండి, రంగులు పోయి గీతలు మాత్రమే కనిపిస్తాయి. ఒక్క వంపు గీతకి పదుల కొద్దీ నోడ్లు (గీత వంపుని పట్టి ఉంచే చుక్కలు) ఉంటే ఎక్కడిదో బొమ్మ తెచ్చి ఆటో ట్రేస్ కొట్టి, అంటే సాఫ్ట్‌వేర్ చేతే గీతలుగా మార్పించి, ఉండొచ్చు. ఏఐ టూల్‌లో పుట్టిన బొమ్మనీ ఇలాగే ట్రేస్ చేసి తెస్తున్నారు. రేడియం కటింగ్ షాపులో అలాంటి ఫైలు ఇస్తే బ్లేడు గీత గీతకీ తడబడి అంచులు రంపం పళ్ళలా వస్తాయి. ఇంకొకటి: తెలుగు అక్షరాలు కర్వ్స్‌లోకి (ఫాంట్ అక్కర్లేని మామూలు గీతల్లోకి) మార్చారో లేదో చూడండి. మార్చకపోతే ఫ్లెక్స్ షాపు కంప్యూటర్‌లో ఆ ఫాంట్ లేక వత్తులు ఎటో, అక్షరాలు ఎటో పోతాయి. ఫాంట్ ఎక్కడిదో కూడా అడగండి. గూగుల్ ఫాంట్స్‌లో ఉన్న మండలి, రామభద్ర లాంటివి ఓపెన్ లైసెన్సువి, వ్యాపారానికి కూడా వాడుకోవచ్చు. లైసెన్సు ఊసే తెలియకుండా ఎవరో పెన్‌డ్రైవ్‌లో ఇచ్చిన ఫాంట్‌తో లోగో చేస్తే రేపు షాపువాళ్ళ మెడకి చుట్టుకుంటుంది.

4. ఇంతకుముందు ఎక్కడైనా ఉందా?

గూగుల్ లెన్స్‌లో పెట్టి చూడండి. తర్వాత కేంద్ర ప్రభుత్వ ట్రేడ్‌మార్క్ వెబ్‌సైట్‌లో పబ్లిక్ సెర్చ్ ఉంటుంది, అక్కడ పేరుతోనూ, బొమ్మలకిచ్చే వియన్నా కోడ్‌తోనూ వెతకొచ్చు. ట్రేడ్‌మార్కుల కోసం సరుకుల్ని క్లాసులుగా విడదీస్తారు, మిఠాయిలు 30వ క్లాసులోకి వస్తాయి. ఈ వెతుకులాట విద్యార్థి చేతే చేయించి, దొరికిన దగ్గరి పోలికల ప్రింటు తెమ్మనండి. 2015 జులైలో టోక్యో ఒలింపిక్స్ కోసం కెంజిరో సానో చేసిన లోగో విడుదలైంది. బెల్జియంలోని లియెజ్ థియేటర్ లోగోకి దగ్గరగా ఉందని గొడవ మొదలై సెప్టెంబరుకల్లా దాన్ని వెనక్కి తీసుకున్నారు. తాను కాపీ చేయలేదని సానో చివరిదాకా చెప్పాడు. పోలిక కనిపించగానే విద్యార్థిని దొంగని చేసి మాట్లాడొద్దు. రఫ్ స్కెచ్‌లు చూపించమనండి. ఒక ఆలోచన మెల్లగా రూపం మార్చుకుంటూ వచ్చిన దారి అందులో కనిపిస్తే ఆ పోలిక యాదృచ్ఛికమై ఉండొచ్చు. అప్పుడు కూడా గుర్తు మార్చమనాల్సిందే, కానీ మార్కులు కోయక్కర్లేదు.

5. ఇప్పుడు నోట్ చదవండి, పెన్సిల్‌తో

ఒక్కో వాదన కింద గీత గీయండి. మన విద్యార్థి నోట్‌లో ఐదున్నాయి: సంప్రదాయం, స్వచ్ఛత, నమ్మకం, ప్రకృతి, పరిపూర్ణత. ప్రతిదాన్నీ మూడు ప్రశ్నలతో తూచండి.

మొదటిది: ఇది గుర్తులో ఎక్కడుంది? వేలు పెట్టి చూపించగలగాలి. మూడు గీతల్లో "నమ్మకం" ఏ గీత? పైదా, మధ్యదా? వాటి స్థానాలు మార్చినా నోట్ మారదంటే ఆ మాటకీ గీతకీ సంబంధం లేదు.

రెండోది: ఇదే వాక్యం ఇంకో షాపుకి కూడా సరిపోతుందా? "సంప్రదాయం, స్వచ్ఛత, నమ్మకం" అన్నది నగల షాపుకీ, పాల డెయిరీకీ, చిట్‌ఫండ్ కంపెనీకీ అతికించినా చక్కగా అతుకుతుంది. అన్నిటికీ సరిపోయే వాదన ఈ షాపు గురించి ఏమీ చెప్పడం లేదు.

మూడోది: ఈ కారణం లేకపోతే గుర్తు వేరేలా ఉండేదా? వాదనలన్నిట్లో గట్టివి ఈ ప్రశ్నకి నిలబడేవే. "బోర్లించిన కుండ మీద గుడ్డతో పిండి లాగితే రేకు వస్తుంది, ఆ కుండ వంపే నా గీతల వంపు" అని విద్యార్థి రాసి ఉంటే కారణం గీతని నిర్ణయించింది. కుండ వేరేలా ఉంటే గీత వేరేలా ఉండేది. దానికి నేను మారుమాట లేకుండా మార్కులు వేస్తాను. వింతేమిటంటే చాలాసార్లు ఇలాంటి అసలు కారణం విద్యార్థి స్కెచ్‌బుక్‌లో ఉంటుంది, నోట్‌లో ఉండదు. కుండ బొమ్మ గీసి ఉంటుంది, రేకు మడత విప్పి గీసి ఉంటుంది. నోట్ రాసేటప్పుడు మాత్రం "పెద్ద మాటలు" కావాలేమో అనుకుని పరిపూర్ణత దగ్గరికి పరిగెడతాడు. స్కెచ్‌బుక్ తెరిచి ఆ పేజీ చూపించి, "ఇది నోట్‌లో ఎందుకు రాయలేదు?" అని అడగండి.

మంచి వాదనలో కూడా అన్ని ముక్కలకీ ఒకే బలం ఉండదని క్లాసులో చూపించడానికి మన రూపాయి గుర్తుని మించిన పాఠం లేదు. ఐఐటీ బాంబేలో పరిశోధన చేస్తున్న, తమిళనాడుకు చెందిన డి. ఉదయకుమార్ గీసిన ఆ గుర్తుని 2010 జులై 15న కేంద్ర మంత్రివర్గం ఆమోదించింది. దేవనాగరి "ర", నిలువు గీత తీసేసిన రోమన్ "ఆర్" రెండూ అందులో కలిశాయి. ఇది వేలు పెట్టి చూపించగల వాదన, ఆ రెండు లిపుల్లో ఏది మారినా గుర్తు మారిపోయేది. పైన ఉన్న రెండు అడ్డగీతలూ, మధ్య ఖాళీ కలిసి మువ్వన్నెల జెండాని తలపిస్తాయన్నది ఇంకో వాదన. చెప్పాక కనిపిస్తుంది, చెప్పకపోతే చాలామందికి తట్టదు. పైగీత దేవనాగరి శిరోరేఖ (అక్షరాల తల మీద గీసే అడ్డగీత) అన్నది మూడోది. ఇక్కడ మన పిల్లలకి ఒక ప్రశ్న వేయండి: తెలుగుకీ, తమిళానికీ శిరోరేఖ లేదు కదా, ఆ గీత మనకి ఏం చెబుతోంది? ఈ ప్రశ్న మీద క్లాసు రెండుగా చీలి వాదించుకుంటే అంతకన్నా కావాల్సింది లేదు. ఒక గుర్తుని గౌరవిస్తూనే దాని వాదనని నిలదీయడం వాళ్ళకి అలవాటవుతుంది.

తర్వాత అతికించిన కారణాల్ని కూడా గుర్తుపట్టాలి. ఆపిల్ కంపెనీ గుర్తుని 1977లో రాబ్ జానాఫ్ గీశాడు. కొరికిన గాటు ఎందుకంటే, చిన్న సైజులో చెర్రీ పండు అనుకోకుండా ఉండడానికి. కంప్యూటర్ భాషలోని "బైట్" అన్న శ్లేష తనకి తర్వాతే తెలిసిందని ఆయనే చెప్పాడు. కథగా శ్లేష ఎంత అందంగా ఉన్నా, డిజైన్ కారణం చెర్రీయే. మీ విద్యార్థి కూడా గీసిన తర్వాత ఒక అందమైన కథ దొరికితే రాసుకోవచ్చు, తప్పు లేదు. "ఇది తర్వాత కనిపించింది" అని నిజాయితీగా రాయమనండి. తేదీలు వేసిన స్కెచ్‌లు ఉంటే ఏది ముందో ఏది తర్వాతో తేలిపోతుంది.

వాదన మరీ ఎక్కువైతే ఏమవుతుందో పెప్సీ చూపించింది. 2008 నాటి కొత్త లోగో కోసం ఆర్నెల్ గ్రూప్ అనే డిజైన్ సంస్థ తయారుచేసిన పత్రం తర్వాత బయటికి పొక్కింది. అందులో స్వర్ణ నిష్పత్తి (అందానికి కొలతగా చెప్పే, సుమారు 1.618 నిష్పత్తి) నుంచి భూమి అయస్కాంత క్షేత్రం దాకా అన్నీ ఉన్నాయి. విద్యార్థి నోట్‌లో స్వర్ణ నిష్పత్తి వృత్తాలు కనిపిస్తే వాటిని ముందు గీసి లోగో చేశాడా, లోగో చేశాక పైన పరిచాడా అని ఫైలులోనే చూడొచ్చు.

దాచిన అర్థాల గురించి ఒక్క మాట. 1994 నాటి ఫెడెక్స్ లోగోలో ఇ, ఎక్స్ మధ్య బాణం ఉంది. దాన్ని గమనించనివాళ్ళకి కూడా ఆ లోగో కంపెనీ పేరుగా చక్కగా పనిచేస్తుంది. విద్యార్థి దాచిన అర్థం కూడా అలాగే ఉండాలి. అది కనిపించకపోతే గుర్తే అర్థం కాదంటే అది లోపం.

6. జ్యూరీలో ఎలా మాట్లాడాలి

విద్యార్థిని ముందు మాట్లాడనివ్వొద్దు. మీరు నోట్ చదవక ముందు రాసుకున్న "ఏం కనిపించింది" అన్నది చదివి వినిపించండి. విద్యార్థి అనుకున్నదానికీ, మీకు కనిపించినదానికీ మధ్య ఎంత దూరం ఉందో అక్కడే అర్థమైపోతుంది. తర్వాత తనని చెప్పమనండి.

అడగదగిన ప్రశ్నలు కొన్ని. "ఏమేం గీసి వదిలేశావు? ఎందుకు?" వదిలేసినదానికి కారణం చెప్పగలిగినవాడు ఉంచినదానికీ చెప్పగలడు. "ఆ షాపావిడ దీన్ని చూసి రంగు మార్చమంటే ఏం చెప్తావు?" "ఇందులో ఒక్కటి తీసేయాలంటే ఏది తీస్తావు?" సమాధానానికి సమయం ఇవ్వండి. వెంటనే నోరు పెగలని పిల్లలకి "కాగితం మీద గీసి చూపించమ్మా" అంటే చాలు, పెన్సిల్ చేతికొచ్చాక మాటలు అవే వస్తాయి. ఎదురు వాదిస్తే పొగరనుకోవద్దు. "సార్, ఆ ఆకుపచ్చ తీసేస్తాను, కానీ గుండ్రం ఉండాలి, రేకు అట్లాగే గుండ్రంగా ఊడొస్తుంది" అని ఎవరైనా అన్నారంటే వాళ్ళు వింటున్నారు, ఆలోచిస్తున్నారు, తమ పనిని ప్రేమిస్తున్నారు. ఆ మాటకే రెండు మార్కులు ఎక్కువ వేయొచ్చు.

7. మార్కులూ, రాసిచ్చే వ్యాఖ్యా

వందకి గుర్తుకి 50, వాదనకి 30, రఫ్‌లకీ వెతుకులాటకీ 20 అని నా లెక్క. గుర్తుకి సగం ఎందుకంటే బజార్లో నోట్ వెంట రాదు, డబ్బా ఒక్కటే వస్తుంది. గుర్తు బాగుండి నోట్ పేలవంగా ఉన్న విద్యార్థికి గుర్తు మార్కులు పూర్తిగా వేసి, నోట్ ఒక్కటీ తిరిగి రాయించండి. నోట్ బ్రహ్మాండంగా ఉండి గుర్తు నిలబడకపోతే వాదన మార్కులు వేయండి కానీ వాటితో గుర్తు లోటు పూడ్చొద్దు. రెండో సందర్భంలో విద్యార్థి నొచ్చుకుంటాడు. "నీ వాదనకి తగ్గ గుర్తు ఇంకా గీయలేదు, వారంలో గీసి తీసుకురా" అని చెప్పండి.

వ్యాఖ్య రాసేటప్పుడు కనిపించింది, దానివల్ల జరిగేది, ఒక ప్రశ్న, ఈ మూడూ ఉంటే చాలు. మన విద్యార్థికి నేనైతే ఇలా రాస్తాను: "తలకట్టుని రేకులుగా మార్చడం నీ సొంత ఆలోచన, బాగుంది. ఒక సెంటీమీటరులో సందులు పూడి ప కాస్తా వ అవుతోంది. ఆకుపచ్చ గుండ్రం శాకాహార గుర్తుతో కలిసిపోతోంది. నోట్‌లో ఐదు మాటల్లో ఒక్కటీ గుర్తులో దొరకలేదు, నీ స్కెచ్‌బుక్‌లో ఉన్న కుండ మాత్రం గుర్తులో ఉంది. కుండ గురించి రాయి. గీతలు రెండు చేసి, నల్లగా, ఒక సెంటీమీటరులో ప్రింటు తీసుకుని సోమవారం రా. గుర్తు 28, వాదన 9, రఫ్‌లు 17." సోమవారం తెచ్చిన దాన్ని పాత ప్రింటు పక్కనే అంటించి, మళ్ళీ పది అడుగుల దూరం నుంచి చూసి, కొత్త మార్కులు పాతవి కొట్టేయకుండా వాటి పక్కనే రాయండి.